చెరువు చేపకు వరద కబురు

మిరుగం నాడు తెలంగాణలో చేపల కూర వండని ఇల్లు తక్కువ. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె మొదలవుతుంది. ఆ రోజు భూపాలపల్లి నుంచి జనగామ దాకా ఏ అంగడికి పోయినా చేపల గంపల చుట్టూ జనమే. కత్తిపీట ముందు కూర్చున్నామె బొచ్చె కడుపు చీల్చగానే రెండు పక్కలా గుడ్ల తిత్తులు బయటపడతాయి. కొందరు వాటిని అడిగి మరీ వేయించుకుంటారు. రెండు కిలోల రవ్వ కడుపులో నాలుగు లక్షలకు పైగా గుడ్లుంటాయి. ఆ చేప చెరువులో పెరిగిందైతే, చంపకుండా అలాగే వదిలేసినా ఆ నాలుగు లక్షల్లో ఒక్కటీ పిల్ల అయ్యేది కాదు.

ఇది వినగానే చాలామంది నమ్మరు. చెరువు నిండా నీళ్లున్నాయి, మేత ఉంది, ఆడ చేప ఉంది, మగ చేప ఉంది, కడుపు నిండా గుడ్లున్నాయి. ఇంకేం కావాలి? కానీ రవ్వ, బొచ్చె, మ్రిగాల మూడూ నది చేపలు. నిలవ నీళ్లలో పెరుగుతాయి, బలుస్తాయి, గుడ్లు కడతాయి. గుడ్లు మాత్రం విడవవు. వానాకాలం దాటాక ఆ గుడ్లు కడుపులోనే కరిగి ఒంట్లో ఇంకిపోతాయి. వేల చెరువులు తవ్వుకున్న మన నేలకు ఇది తరతరాల చిక్కు. చెరువు ఎంత పెద్దదైనా చేప పిల్ల ప్రతి ఏడూ బయటి నుంచే రావాలి.

నదిలో ఏం జరుగుతుందో చూడాలంటే ఆషాఢంలో కాళేశ్వరం సంగమం దగ్గర నిలబడాలి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న కాళేశ్వర ముక్తీశ్వరుల గుడి దాటి మెట్లు దిగితే, ఎడమ నుంచి వచ్చే ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు కనిపిస్తుంది. వార్ధా, వైన్‌గంగ నదుల నీళ్లు మోసుకొచ్చే ప్రాణహిత వానలు పడగానే పొంగుతుంది. మొన్నటిదాకా నడుమ దాకా ఉన్న నీరు రంగు మార్చుకుని ఒడ్డులు ఒరుసుకుంటుంది. జాలర్లు దాన్ని కొత్త నీళ్లంటారు. కొత్త నీళ్లకు చేపలు ఎదురెక్కుతాయి. వరద పల్లపు ఒడ్డుల మీదికి ఎక్కి పరుచుకున్న చోట, లోతు తక్కువగా ఉన్న నీళ్లలో, ఒక్కో ఆడ చేప వెంట రెండు మూడు మగ చేపలు పడతాయి. గంటల్లో గుడ్లు విడుస్తాయి.

చెరువు చేపకూ నది చేపకూ కడుపులో తేడా లేదు. గుడ్లు ఒకటే, వయసు ఒకటే. తేడా అంతా కబురులో ఉంది. వరద వచ్చిందన్న కబురు నది చేప గుడ్డు దాకా చేరింది, చెరువు చేపకు చేరలేదు. ఆ కబురును మోసేది ఒక ప్రోటీన్ హార్మోన్. దాన్ని మనిషి ఎలా కనిపెట్టాడు, ఎలా తన చేత్తో చెరువు చేపకు అందించాడు అన్నదే ఈ కథ.

చేప తల పైకప్పు చిప్పను జాగ్రత్తగా కోసి, మెదడును పక్కకు తొలగిస్తే, అడుగున ఎముక గుంటలో తెల్లని చిన్న గింజ లాంటిది కనిపిస్తుంది. అదే పీయూష గ్రంథి. వెన్నెముక ఉన్న జీవులన్నింటికీ ఉంటుంది. కాళేశ్వరానికి ఆవలి ఒడ్డున, సిరోంచ దగ్గర, కోట అనే ఊరుంది. అక్కడి రాళ్లలో 17, 18 కోట్ల ఏళ్ల కిందటి చేపల శిలాజాలు 19వ శతాబ్దంలోనే దొరికాయి. ఆ రాళ్లకే కోట పేరు పెట్టి ప్రపంచమంతా పిలుస్తోంది. ఆ రాతి చేపల తలలో కూడా ఈ గింజ ఉండే ఉంటుంది. నది కన్నా పాత గ్రంథి ఇది.

ఇంత పాత గ్రంథి చేసే పని ఏమిటో మనిషికి తెలిసి నిండా నూరేళ్లు కాలేదనే చెప్పాలి. 1920లలో అమెరికాలో ఫిలిప్ స్మిత్ అనే శాస్త్రవేత్త ఎలుకల పీయూష గ్రంథిని మెదడుకు దెబ్బ తగలకుండా తొలగించే పద్ధతి సాధించాడు. గ్రంథి తీసేసిన ఎలుక పిల్ల ఎదగడం ఆగిపోయింది. అండాశయాలు, వృషణాలు కుంచించుకుపోయాయి. వేరే ఎలుక గ్రంథిని తెచ్చి చర్మం కింద పెడితే మళ్లీ కోలుకుంది. ఎదుగుదల, సంతానం రెండింటి పగ్గాలూ ఒకే గింజలో ఉన్నాయని అప్పుడు తెలిసింది. 1927లో స్మిత్, ఎంగిల్ ఇద్దరూ కలిసి ఇంకో సంగతి చూపించారు. ఈడు రాని చిట్టెలుకలకు ఈ గ్రంథి అందిస్తే రోజుల్లో ఈడేరాయి. సరిగ్గా అదే కాలంలో బెర్లిన్‌లో బెర్న్‌హార్డ్ జోండెక్, సెల్మార్ ఆష్‌హైమ్ అదే మాట చెప్పారు. 1931లో ఫెవోల్డ్, హిసా, లెనార్డ్ అనే ముగ్గురు ఆ గ్రంథి రసంలో సంతానానికి సంబంధించిన హార్మోన్లు రెండు ఉన్నాయని విడదీసి చూపారు. ఒకటి గుడ్డును పెంచేది, రెండోది పండిన గుడ్డును విడిపించేది. నేటికీ వాటిని ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే పొట్టి పేర్లతో డాక్టర్లు రాస్తారు.

ఎలుకల దాకా వచ్చిన ఈ జ్ఞానం చేపల దాకా రావడానికి దక్షిణ అమెరికా కారణం. అర్జెంటీనాలో బెర్నార్డో హౌసే 1930లో ఒక జాతి చేప గ్రంథిని మరో జాతి చేపకు ఇచ్చాడు. ఆ రెండోది పిల్లల్ని కనే జాతి చిన్న చేప. అది నెలలు నిండకుండానే ఈనేసింది. ఈ హౌసేకే పీయూష గ్రంథి చక్కెర వినియోగాన్ని ఎలా శాసిస్తుందో కనుక్కున్నందుకు 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. చేపల పని ఆయనకు దారిలో దొరికిన సంగతి మాత్రమే. దాన్ని అందిపుచ్చుకున్నవాడు పొరుగున బ్రెజిల్‌లో ఉన్న రోడోల్ఫో ఫాన్ ఇహేరింగ్.

బ్రెజిల్ ఈశాన్య ప్రాంతం కథ చదువుతుంటే నాకు మన మెట్ట నేలలే గుర్తొస్తాయి. కరువు కాటకాల నేల. ప్రభుత్వం చెరువుల మీద చెరువులు కట్టించింది. నీళ్లు నిలిచాయి గానీ అక్కడి నది చేపలు ఆ చెరువుల్లో గుడ్లు విడవలేదు. సరిగ్గా మన చిక్కే. 1930లలో ఇహేరింగ్ బృందం చేపల తలల్లోంచి పీయూష గ్రంథులు తీసి, నూరి, తల్లి చేపలకు సూదితో ఎక్కించింది. 1934లో ఫలితం వచ్చింది. చెరువు కట్టిన మనుషులకే, ఆ చెరువులో చేప ఎందుకు ఈనడం లేదన్న ప్రశ్న గుచ్చుకుంటుంది. అందుకే జవాబు కూడా కరువు నేలలోనే దొరికింది.

అవిభక్త భారతంలో తొలి ప్రయత్నం లాహోర్‌లో జరిగింది. 1930ల చివర హమీద్ ఖాన్ మ్రిగాల చేపకు పాలిచ్చే జంతువుల పీయూష గ్రంథి రసం ఎక్కించి చూశాడు. అది మనకు దారి కాలేదు. ఎందుకో ఇప్పుడు చెప్పగలం. ఈ హార్మోన్లు రెండేసి ప్రోటీన్ గొలుసులు పెనవేసుకున్నవి, ఒంటికి చక్కెర ముక్కలు అతికించుకున్నవి. ఒక గొలుసు ఈ కుటుంబపు హార్మోన్లన్నింటిలో ఇంచుమించు ఒకటే. రెండోది హార్మోన్‌ను బట్టీ, జాతిని బట్టీ మారుతుంది. తాళంచెవి పిడి ఒకటే అయినా పళ్లు వేరు. పశువు తాళంచెవి చేప తాళానికి సరిగా పట్టదు. చేపకు చేప గ్రంథే కావాలి. అందులోనూ దగ్గరి చుట్టమైతే మరీ మంచిది.

ఆ తర్వాత చాలా ఏళ్లు మన చేపల చెరువులు ఎలా నడిచాయో ఈ తరానికి తెలియదు. వానాకాలంలో గంగా పాయల్లో కొట్టుకొచ్చే చేప గుడ్లను, సూది మొనంత పిల్లలను సన్నని వలలతో పట్టేవారు. హౌరా ఆ వ్యాపారానికి పెద్ద బజారు. అక్కడి నుంచి దేశంలో నలుమూలలకూ రైళ్లలో పిల్లలు వెళ్లేవి. దారిలో చచ్చినవి చావగా మిగిలిన వాటిలో ఏది రవ్వో, ఏది పనికిమాలిన పిచ్చి చేపో పెరిగితే గానీ తెలిసేది కాదు. మంచి పిల్లలను తినేసే జాతులు కూడా అదే కుండలో వచ్చేవి. డబ్బు పెట్టి దొంగను ఇంటికి తెచ్చుకున్నట్టే.

బెంగాల్‌లో బాంకురా, మేదినీపూర్ వైపు రైతులకు ఒక కిటుకు తెలుసు. గట్టు కట్టిన మడుగులో తల్లి చేపలను ఉంచి, భారీ వాన పడినప్పుడు పై పొలాల నీళ్లను ఒక్కసారిగా అందులోకి వదిలేవారు. ఆ పారే నీళ్లకు చేపలు గుడ్లు విడిచేవి. వరద లేని చోట చిన్న వరదను సృష్టించడం అన్నమాట. గ్రంథి పేరు, హార్మోన్ పేరు వాళ్లకు తెలియదు. చేపను మాత్రం తెలుసు. వాళ్ల మడుగులు చూస్తే, కబురు పై నీళ్ల నుంచే వస్తోందనిపిస్తుంది. అయితే వాన పడకపోతే ఆ ఏటికి అంతే.

బారక్‌పూర్‌లోని కేంద్ర మత్స్య పరిశోధన సంస్థలో పనిచేసే హీరాలాల్ చౌదరి ఇక్కడ కథలోకి వస్తాడు. 1921లో సిల్హెట్‌లో పుట్టిన బెంగాలీ. కలకత్తాలో చదివి, అమెరికాలోని ఆబర్న్‌లో చెరువు చేపల శాస్త్రం నేర్చుకుని వచ్చాడు. 1955లో ఆయన బొచ్చె తలలోంచి గ్రంథి తీసి, వేలి పొడవైనా లేని ఒక చిన్న చేపకు ఎక్కించాడు. ఆ బుల్లి చేప గుడ్లు విడిచింది. ఆ రోజుల్లోనే బెంగళూరు సెంట్రల్ కాలేజీలో రామస్వామి, సుందరరాజ్ జెల్ల జాతి చేపలతో ఇదే పని సాధించారు. దేశంలో రెండు చోట్ల దాదాపు ఒకేసారి తలుపు తెరుచుకుంది. కానీ అసలు పరీక్ష ముందుంది. కూరకు పనికొచ్చే పెద్ద చేప లొంగుతుందా?

కటక్‌లో ఆ సంస్థకు చెరువు చేపల విభాగం ఉండేది. దానికి కె.హెచ్. అలికున్హి పెద్ద దిక్కు. ఒడిశాలోని అంగుల్ చేపల క్షేత్రంలో, 1957 జులై 10న, అలికున్హి, చౌదరి కలిసి మ్రిగాల జాతి చేపలకు చేప గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించారు. వెంటనే రవ్వ కూడా దారికి వచ్చింది. బొచ్చె మాత్రం మొండి చేప, అందరికన్నా ఆలస్యంగా లొంగింది. అంగుల్‌లో సాధించిన సంగతిని వాళ్లు కరెంట్ సైన్స్ పత్రికలో రెండు పేజీల్లో రాశారు. అంత పెద్ద మార్పుకు రెండే పేజీలు. ప్రపంచమంతా తిరిగి వచ్చిన ఆ జ్ఞానం చివరికి మన భారతీయ కూర చేప దగ్గర, ఒక చిన్న ఊరి చెరువు గట్టున పండింది. ఏటా జులై 10ని జాతీయ చేప రైతుల దినోత్సవంగా జరుపుతున్నది ఆ రోజును తలుచుకునే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో చేప ఆకారంలో కట్టిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి భవనం ముందు నుంచి వేల మంది వెళ్తుంటారు. ఆ భవనం వెనుక ఉన్న తేదీ ఇది.

ఆ పని ఎలా చేసేవారో చెప్పకపోతే కథ సగమే అవుతుంది. చేపల బజారులో తెల్లవారుజామున తలలు దొరుకుతాయి. తాజా తలలోంచి, అందులోనూ గుడ్లతో ఉన్న చేప తలలోంచి గ్రంథి తీసి, నీరు కలవని ఆల్కహాల్‌లో వేసి, ముదురు రంగు సీసాలో దాస్తారు. పని రోజున తూచి, స్వచ్ఛమైన నీటిలో నూరి, పైన తేరిన నీటిని సిరంజిలోకి తీస్తారు. సాయంత్రం తల్లి చేపకు కిలోకు రెండు మూడు మిల్లీగ్రాముల చొప్పున తోక మొదట్లో కండలోకి తొలి సూది. ఆరు గంటలు ఆగాలి. రాత్రి రెండో సూది, ఈసారి కిలోకు అయిదు నుంచి ఎనిమిది మిల్లీగ్రాములు. అప్పుడే మగ చేపకు ఒకే ఒక్క చిన్న మోతాదు. తర్వాత ఆడదాన్నీ మగవాటినీ నీళ్లలో కట్టిన గుడ్డ తొట్టిలో, అంటే హాపాలో, వదిలి దీపాలు తగ్గించి అందరూ పక్కకు తప్పుకుంటారు.

ఇక ఎదురుచూపే. నాలుగైదు గంటలకు, కోడి కూసే వేళకు, హాపాలో నీళ్లు ఒక్కసారిగా కలబడతాయి. చేపలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తోకలతో నీటిని చిలుకుతాయి. తెల్లారి గుడ్డ అంచు ఎత్తి చూస్తే అడుగున ముత్యాల్లా ఉబ్బిన గుడ్లు. ఫలించినవి అద్దంలా మెరుస్తాయి, ఫలించనివి పాలిపోయి తెల్లబడతాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటల్లో గుడ్డు చిట్లి, కళ్లు, తోక తప్ప ఇంకేమీ కనిపించని పిల్ల బయటికొస్తుంది. మూడు రోజులు సొంత పచ్చసొన తిని బతుకుతుంది. హేచరీ వాళ్లు దాన్ని స్పాన్ అంటారు, పెంచితే ఫ్రై, వేలెడంత అయితే ఫింగర్‌లింగ్. చెరువులో వదిలేది ఆ వేలెడంత పిల్లనే.

ఆ నాలుగైదు గంటల్లో చేప కడుపులో జరిగేది ఇంకా పెద్ద కథ. దాని మొదటి భాగం నెలల ముందే మొదలవుతుంది. వేసవిలో ఎండ పెరిగి పగలు సాగేకొద్దీ పీయూష గ్రంథి గుడ్డును పెంచే హార్మోన్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. అది అండాశయానికి చేరి ఈస్ట్రోజెన్ తయారు చేయిస్తుంది. ఈస్ట్రోజెన్ రక్తంలో కాలేయానికి వెళ్లి పచ్చసొన ముడిసరుకు తయారు చేయమంటుంది. ఆ సరుకు మళ్లీ రక్తంలోనే ప్రయాణించి గుడ్లలో చేరుతుంది. కంటికి కనిపించని కణం ఆవగింజంత అవుతుంది. మిరుగం నాడు కత్తిపీట మీద మనకు కనిపించేది ఆ నెలల పెంపకమే. చెరువులో కూడా ఇక్కడి దాకా సాఫీగానే సాగుతుంది.

అయితే లోపల గుడ్డు ఆగిపోయి ఉంటుంది. కణ విభజన మొదలుపెట్టి, మధ్యలో అడుగు ఎత్తి పట్టుకున్నట్టు నిలిచిపోతుంది. ఆడపిల్ల తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఆమె గుడ్లు కూడా ఇలాగే ఆగి, ఈడు వచ్చేదాకా నిలిచి ఉంటాయి. చేపకూ మనిషికీ ఇక్కడ పోలిక అచ్చంగా ఒకటే. ఆ ఆపిన అడుగు కింద పెట్టించేది రెండో హార్మోన్ ఎల్‌హెచ్. వరద తగిలినప్పుడు అది రక్తంలోకి ఒక్క ఉదుటున దూకుతుంది. గుడ్డు చుట్టూ ఉన్న కణాలు ఆ ప్రోటీన్‌ను తమ ఒంటి మీది గ్రాహకాలతో పట్టుకుంటాయి. బయటి పొర ఒక స్టెరాయిడ్‌ను వండితే లోపలి పొర దానికి తుది మెరుగు పెడుతుంది. ఆ తుది పదార్థమేమిటో 1985లో జపాన్‌లో యోషితాకా నాగహామా బృందం సాల్మన్ చేపలో గుర్తించింది. అది గుడ్డు అంచును తాకగానే ఆగిన విభజన కదులుతుంది.

కదిలించే యంత్రం ఏమిటన్నది అంతకుముందే కప్ప గుడ్డులో దొరికింది. 1971లో యోషియో మసూయి, క్లెమెంట్ మార్కెర్ట్ పండిన కప్ప గుడ్డు రసం ఇంకా పండని గుడ్డులోకి ఎక్కించారు. అదీ పండింది. ఆ రసంలో ఉన్నది రెండు ప్రోటీన్ల జంట అని, ఆ జంటే ఈస్ట్ నుంచి మనిషి దాకా ప్రతి కణాన్నీ విభజనలోకి నెట్టే మూల యంత్రం అని 1988 నాటికి తేలింది. కణ విభజన మీద జరిపిన ఈ పరిశోధనలకు 2001లో లేలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు నోబెల్ ఇచ్చారు. అంటే చెరువు గట్టున సిరంజి పట్టుకున్నవాడు, కణం ఎలా రెండవుతుందో తెలుసుకోవాలని ప్రయోగశాలలో కూర్చున్నవాడు, ఒకే తలుపును రెండు వైపుల నుంచి తట్టారు.

ఈ హార్మోన్ల కుటుంబంలోనే మరొకటి మన ఇళ్లకు దగ్గరిది. మందుల షాపులో దొరికే గర్భ పరీక్ష పట్టీ పట్టుకునేది హెచ్‌సీజీ అనే ప్రోటీన్ హార్మోన్‌ను. అది ఎల్‌హెచ్‌కు కవల లాంటిది. ఆష్‌హైమ్, జోండెక్ దాన్ని గర్భిణి మూత్రంలో మొదట చూసినప్పుడు అది పీయూష గ్రంథి నుంచే వస్తోందనుకున్నారు. తర్వాత మాయ నుంచి వస్తోందని తేలింది. మాయ కణాలు అదుపు తప్పి పెరిగితే ఒక భయంకరమైన క్యాన్సర్ వస్తుంది. ఆ కణాలు కూడా ఇదే హార్మోన్‌ను కుప్పలుగా వదులుతాయి. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్ అనే మందుతో దాన్ని లొంగదీశారు. మూత్రంలో హార్మోన్ పూర్తిగా మాయమయ్యేదాకా మందు ఆపకూడదని లీ పట్టుపట్టాడు. అదే ఆ తల్లులను బతికించింది. ఆ మందు పుట్టింది లెడర్లే ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన పరిశోధనల్లో. ఆయన 1948లోనే కన్నుమూశాడు, ఈ గెలుపు చూడలేదు. ఆయన పుట్టిన భీమవరం చుట్టూ ఇవాళ కనుచూపు మేర చేపల చెరువులే.

మళ్లీ చేప దగ్గరికి వద్దాం. అంగుల్ పద్ధతి దేశమంతా పాకింది. కటక్‌లో 1962లో చైనా జాతులైన గడ్డి చేప, వెండి చేపలకు కూడా గుడ్లు పెట్టించారు. కానీ గ్రంథులు చాలేవి కావు. ఒక్క తల్లి చేప కోసం ఎన్నో తలలు పగలగొట్టాలి. ఒక్కో గ్రంథిలో ఒక్కో బలం. పాతబడిన తలలోంచి తీసినదైతే పనిచేయదు, తల్లి చేప అనవసరంగా రెండుసార్లు సూది పోటు తిని అలసిపోతుంది. బజారులో గ్రంథులు తీసి అమ్మేవాళ్లు ఒక వృత్తిగా బతికారు. రైతుకు మాత్రం ప్రతి రాత్రీ ఒక జూదమే.

మలుపు మెదడులో ఇంకొంచెం పైకి వెళ్లాక దొరికింది. పీయూష గ్రంథికీ పైన అధికారి ఉన్నాడు, హైపోథలామస్. అది పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసుతో కింది గ్రంథికి హుకుం పంపుతుంది. ఆ గొలుసు రూపాన్ని 1971లో ఆండ్రూ షాలీ బృందం విప్పింది. అందుకోసం లక్షన్నరకు పైగా పందుల మెదడు ముక్కలు కరిగించారు. షాలీకీ, పోటీపడి పనిచేసిన రోజర్ గిల్లెమిన్‌కూ 1977లో నోబెల్ వచ్చింది. చిన్న గొలుసు గనుక ఫ్యాక్టరీలో తయారు చేయొచ్చు. చేపకు దాన్నిస్తే దాని సొంత గ్రంథే తన సొంత ప్రోటీన్ హార్మోన్‌ను వదలాలి కదా అనుకున్నారు. చేప వదిలింది గానీ చాలినంత వదల్లేదు.

కెనడాలో రిచర్డ్ పీటర్, చైనాలో లిన్ హావోరాన్ కలిసి దాని ముడి విప్పారు. చేప మెదడులో తోసే చెయ్యే కాదు, ఆపే చెయ్యి కూడా ఉంది. డోపమిన్ అనే పదార్థం ఎల్లవేళలా బ్రేకు వేసి ఉంచుతుంది. వరద వచ్చినప్పుడు నది చేపలో ఆ బ్రేకు వదులవుతుంది. చెరువు చేపలో వదలదు. హుకుంతో పాటు బ్రేకు వదిలించే మందు కూడా ఇస్తే? వాంతులకు మనం వేసుకునే డోంపెరిడోన్ ఆ పనే చేస్తుంది. సాల్మన్ చేప హుకుం గొలుసుకు కొద్ది మార్పు చేసినది 20 మైక్రోగ్రాములు, డోంపెరిడోన్ 10 మిల్లీగ్రాములు, ఒక్క మిల్లీలీటరు ద్రవంలో. అదే ఓవాప్రిమ్. తల్లి చేపకు కిలోకు అర మిల్లీలీటరు దాటకుండా ఒక్కటే సూది. తలలు పగలగొట్టే పని పోయింది, రెండో సూది పోయింది. తర్వాత మన దేశపు కంపెనీలు కూడా ఇలాంటి మందులు తెచ్చాయి. గుండ్రని తొట్టెలో నీరు నిరంతరం తిరిగే చైనా తరహా హేచరీ దీనికి తోడైంది. గుడ్డ తొట్టి స్థానంలో సిమెంటు తొట్టి వచ్చింది. తొట్టెలో తిరిగే ఆ నీళ్లు, ఆలోచిస్తే, చిన్న నదే.

కొల్లేరు చుట్టూ కైకలూరు, ఆకివీడు ప్రాంతం దేశానికి చేపలు పంపే చోటుగా మారడం వెనుక ఈ సూది ఉంది. అక్కడి హేచరీల్లో పుట్టిన పిల్లలు ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, రాత్రి చల్లదనంలో, లారీల మీద ఎగువకు ప్రయాణం చేస్తాయి. 2016-17 నుంచి తెలంగాణ ప్రభుత్వం మత్స్య సహకార సంఘాలకు చేప పిల్లలను ఉచితంగా ఇస్తోంది. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల్లో కాకతీయుల నాటివీ ఉన్నాయి, నిన్న మొన్న పూడిక తీసినవీ ఉన్నాయి. మహబూబాబాద్ చెరువు గట్టున ముదిరాజు సంఘం వాళ్లు తొట్టి లారీ దగ్గర పిల్లలు లెక్కపెట్టుకుంటున్నప్పుడు, జనగామ మెట్ట మీది కుంటలో బెస్త కుటుంబం వల విసిరినప్పుడు, అందులో 1957 నాటి అంగుల్ ఉంది. ఈ ఒక్క విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. మన పల్లె కూటిలో ఇంత చవకగా ఇంత మాంసకృత్తును చేర్చిన ఆవిష్కరణ ఇంకొకటి కనిపించదు.

కానీ సూది ఇచ్చేది కబురును మాత్రమే, రక్తాన్ని కాదు. హేచరీలో ఏటేటా అవే కొన్ని తల్లి చేపలు, వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు ఈనుతుంటే మేనరికం పెరుగుతుంది. కర్ణాటక హేచరీల లెక్కలు చూసి ఏక్నాథ్, డాయిల్ అనే శాస్త్రవేత్తలు 1990లోనే ఈ సంగతి హెచ్చరించారు. పెరుగుదల మందగిస్తుంది, వికారపు పిల్లలు పుడతాయి. జవాబు వెతుక్కుంటూ భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల సంస్థ, నార్వే శాస్త్రవేత్తలతో కలిసి, 1992లో మళ్లీ నదుల దగ్గరికే వెళ్లింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర రవ్వలను తెచ్చి కలిపి, బాగా ఎదిగే వాటిని తరం తర్వాత తరం ఏరి, స్వాతంత్ర్య స్వర్ణోత్సవం నాటికి జయంతి రోహును తయారు చేసింది. తరానికి సుమారు 17 శాతం చొప్పున దాని ఎదుగుదల పెరిగింది. మన రైతులు ఇప్పుడు దాన్ని అడిగి తెచ్చుకుంటున్నారు. ఆ అయిదు నదుల్లో గోదావరి లేదు.

అందుకే సంగమం మీద నాకు ఇంత పట్టింపు. కాళేశ్వరానికి దిగువన మేడిగడ్డ బ్యారేజీ ఉంది, ఎగువ గోదావరి మీద అన్నారం, సుందిళ్ల ఉన్నాయి. గేట్లు దించితే ఆ నీళ్లలో చేపకు ఎదురెక్కే దారి మునుపటిలా ఉండదు. ప్రాణహిత మాత్రం ఇంకా కట్టు పడకుండా కొత్త నీళ్లతో వస్తోంది. సూది పోటు ఎరుగని చేపలు, వరద మాట స్వయంగా విని గుడ్లు విడిచే చేపలు మన వైపు మిగిలింది ఇలాంటి చోట్లే. రేపు హేచరీల్లో రక్తం పలచబడితే కొత్త తల్లి చేప కోసం వెళ్లాల్సింది ఈ నీళ్లకే.

సంగమం మీద బతికే జాలరి అన్నలకు, సంఘాల పెద్దలకు ఒక్క మనవి. మిరుగం దాటి కొత్త నీళ్లు తగిలిన ఆ కొద్ది వారాలు ఒడ్డు పల్లాల్లో వల వేయకండి. కడుపు నిండా గుడ్లతో ఎదురెక్కుతున్న రవ్వో, బొచ్చెనో వలలో పడితే, దాన్ని ప్రాణంతో నీళ్లలోకే వదిలేయండి.